కరెంటు కారుకు కండ ఎక్కడుంది?

నిరుడు వేసవిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫార్మింగ్‌టన్ హిల్స్ అనే ఊళ్లో మా మేనల్లుడి ఇంట్లో కొన్నాళ్లున్నాను. డెట్రాయిట్ చుట్టూ ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. ట్రాయ్, నోవై, కాంటన్, ఎక్కడికి వెళ్లినా తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్లలో ఎంతోమందికి కూడు పెట్టేది కార్ల పరిశ్రమే. ఒకరోజు పొద్దుటి నడకలో ఒక ఇంటి ముందు ఆగి ఉన్న ఎర్ర కారు నన్ను నిలబెట్టేసింది. తలుపులు రెండే గానీ పొడవు అయిదు మీటర్లు దాటింది. ముఖం పలకలా నిటారుగా ఉంది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే బానెట్ ముందు అంచు కింద బెత్తెడు సందు. చెయ్యి పెడితే వేళ్లు అవతల బానెట్ మీదికి తేలాయి. అంటే ఆ అంచు బండికి రెండు కొసల్లోనే ఆనుకుని, మధ్యలో వంతెనలా నిలబడి ఉందన్నమాట. దాని కింద నుంచి గాలి దూరి, బానెట్ మీదుగా జారిపోవడానికి పెట్టిన దారి అది.

ఇంటాయన బయటికొచ్చి, నా వయసునూ నా కుతూహలాన్నీ చూసి ముచ్చటపడి, ఎక్కించుకుని గంటసేపు తిప్పాడు. ఆ గంట తరవాత ఈ కారు గురించి దొరికినంతా చదివాను, కాగితం మీద లెక్కలు వేసుకున్నాను. ఈ వ్యాసం వాటి ఫలితం.

కారు పేరు డాడ్జ్ చార్జర్ డేటోనా. చార్జర్ అనగానే మనకు సెల్‌ఫోను చార్జరు తోస్తుంది. ఈ పేరు 1966 నాటిది, అర్థం యుద్ధాశ్వం. పెట్రోలు తాగే ఆ కదనాశ్వానికి 2024లో విద్యుత్ రూపం వచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి విద్యుత్ మజిల్ కారు ఇదేనని తయారీదారు ప్రకటన. కెనడాలోని విండ్సర్ కర్మాగారంలో తయారవుతుంది. విండ్సర్ అంటే డెట్రాయిట్‌కు నది అవతలి ఒడ్డే.

మజిల్ కారు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. మామూలు సంసారపక్షపు కారులో, దాని స్థాయికి మించిన, ఎనిమిది సిలిండర్ల పెద్ద వి-8 ఇంజను బిగిస్తే వచ్చేదే మజిల్ కారు. 1964లో పాంటియాక్ కంపెనీ తన మధ్యతరగతి కారులో 6.4 లీటర్ల ఇంజను పెట్టి జి.టి.ఓ. పేరుతో అమ్మింది. ఈ కథకు అదే మొదలని చాలామంది లెక్క. స్పోర్ట్స్ కారులా మలుపుల్లో మెలికలు తిరగడం దీని పని కాదు. ఒక ఎర్రదీపం దగ్గర నుంచి మరో ఎర్రదీపం దాకా తిన్నగా, పక్క బండి కంటే ముందు చేరడమే దీని పని. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద కుర్రాళ్లు రాత్రిళ్లు ఆడిన ఆట అది. 1970లో అమెరికా చేసిన వాయుకాలుష్య చట్టం, 1973 చమురు సంక్షోభం ఆ ఆటకు కళ్లెం వేశాయి. తిరిగి 2015 మోడల్‌లో డాడ్జ్ 707 అశ్వశక్తుల హెల్‌క్యాట్‌తో దాన్ని లేపింది. 2023లో 1,025 అశ్వశక్తుల డీమన్ 170 దాకా పోయింది. ఆ ఏడాది డిసెంబరుతో పాత చార్జర్, చాలెంజర్ కార్ల తయారీ ఆగిపోయింది.

ఆ వారసత్వం మీద కూర్చున్న కరెంటు కారును ఏ కొలతతో తూచాలి? అందరూ అశ్వశక్తితో తూస్తున్నారు. నా లెక్కలో ఆ తూనికరాయికి కాలం చెల్లింది. పెట్రోలు బండికి బలం సంపాదించడమే కష్టం. కరెంటు బండికి బలం సునాయాసంగా వస్తుంది. ఆ బలాన్ని నేల మీద నిలబెట్టడం, దాని బరువు మోయడం, దాని వేడి దించడం, గాలిని ఒప్పించడం కష్టం. ఈ కారు గొప్పదనమూ లోపమూ అక్కడే ఉన్నాయి.

ముందు బలం సంగతి చూద్దాం. ఈ కారులో ముందు ఇరుసుకొక మోటారు, వెనక ఇరుసుకొకటి ఉన్నాయి. శక్తిమంతమైన రకం పేరు స్కాట్ ప్యాక్. దాని గరిష్ఠ సామర్థ్యం 670 అశ్వశక్తులు, అంటే 500 కిలోవాట్లు. మన పొలాల్లో బోరు నడిపే 5 హెచ్.పి. మోటార్లు 134 కలిస్తే ఎంతో అంత. ఆ పోలిక ఊరికే తేలేదు. బోరు మోటారుకూ ఈ కారు మోటారుకూ ఉన్న తేడాలోనే అసలు విషయం దాగుంది. బోరు స్టార్టరు నొక్కగానే ఊరి బల్బులు ఒక్క క్షణం మసకబారడం పల్లెలో పెరిగినవాళ్లందరికీ ఎరుకే. మోటారు ఇంకా కదలకముందే 50 హెర్ట్జ్‌ల కరెంటు దాని మీద పడుతుంది. లోపల అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. రోటరు నిలబడి ఉంటుంది. ఆ పొంతన కుదిరేదాకా మోటారు మామూలుకు అయిదారు రెట్ల కరెంటు లాగేస్తుంది, అయినా తగినంత తిప్పుడు బలం (టార్క్) పుట్టదు.

కారు మోటారుకు ఆ బెడద లేదు. బ్యాటరీలో ఉన్న ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ అనే పరికరం ముక్కలు చేసి, కావలసిన పౌనఃపున్యంలో ఏకాంతర విద్యుత్తుగా మార్చి అందిస్తుంది. బండి నిలబడి ఉంటే క్షేత్రం కూడా దాదాపు నిలబడే ఉంటుంది. చక్రం కదిలితే అంతే మెల్లగా కదులుతుంది. రోటరు వేగాన్ని కనిపెట్టి క్షేత్రం దానికి తోడు నడుస్తుంది. అందుకే మొదటి అంగుళం నుంచే పూర్తి టార్క్ చేతికొస్తుంది. పెట్రోలు ఇంజనుకు ఇది అసాధ్యం. నిలబడిన ఇంజనుకు బలం సున్నా. కనీసం ఏడెనిమిది వందల ఆర్.పి.ఎం. తిరుగుతూ ఉంటేనే అది బతుకుతుంది. హెల్‌క్యాట్ ఇంజను పూర్తి టార్క్ ఇవ్వాలంటే ఆర్.పి.ఎం. నాలుగు వేలు దాటాలి. క్లచ్, టార్క్ కన్వర్టర్, ఎనిమిది గేర్లు, ఇవన్నీ ఆ బలహీనతకు కట్టిన కట్లు. 2022లో ఈ విద్యుత్ కారు నమూనాను చూపించినప్పుడు, పాత కారు గేరు మారుతున్న అనుభూతి కోసమని ఇందులోనూ బహుళ గేర్ల పెట్టె పెడతామన్నారు. అమ్మకానికి వచ్చిన బండిలో అది లేదు. తీసేయడమే మంచి పని అని నా అభిప్రాయం. లేని జబ్బుకు మందు ఎందుకు?

స్కాట్ ప్యాక్ నిలబడిన చోటు నుంచి గంటకు 96 కిలోమీటర్ల వేగానికి 3.3 సెకన్లలో చేరుతుందని కంపెనీ చెబుతుంది. డ్రాగ్ రేసు దూరమైన పావు మైలును, అంటే 402 మీటర్లను, 11.5 సెకన్లలో దాటుతుంది. ఈ అంకెలను కొంచెం విప్పి చూస్తే చాలా చెబుతాయి. 3.3 సెకన్లలో గంటకు 96 కిలోమీటర్లంటే సగటు త్వరణం సెకనుకు సెకనుకు 8.1 మీటర్లు. భూమి వస్తువులను కిందికి లాగే త్వరణంలో ఇది 83 శాతం. అంటే ఆ మూడు సెకన్లూ మనిషి సీటు వైపు దాదాపు తన బరువంత బలంతో అణిగి ఉంటాడు. నేను ఎక్కినప్పుడు, హైవే మీదికి ఎక్కే దారిలో ఆయన ఒక్కసారి పాదం అదిమాడు. నాకు తెలిసింది మెడలోనే. తల వెనక్కి పోయి సీటుకు ఆనింది. ముందుకు తేవాలని చూస్తే రాలేదు. అంతలో అయిపోయింది.

ఆ మూడు సెకన్లలో కారులో చేరిన గతిశక్తి ఎంత? మనిషితో కలిపి 2,700 కిలోలనుకుంటే 0.27 కిలోవాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ. దాన్ని 3.3 సెకన్లతో భాగిస్తే సగటు సామర్థ్యం 400 అశ్వశక్తుల దరిదాపుల్లో తేలుతుంది. మరి 670 ఏమయ్యాయి? తొలి క్షణాల్లో వాటికి పనే లేదు. సామర్థ్యమంటే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది. వేగం తక్కువగా ఉన్నప్పుడు బలం ఎంత పెంచినా లబ్ధం చిన్నదే, బలాన్ని ఒక హద్దు దాటి పెంచడానికీ వీల్లేదు. ఆ హద్దు టైరుది.

2,648 కిలోల ఈ కారు నాలుగు టైర్ల మీద నిలబడింది. టైర్లలో గాలి 36 పి.ఎస్.ఐ. అనుకుంటే ఒక్కో టైరు నేలను తాకే మేర సుమారు 260 చదరపు సెంటీమీటర్లు. మీ చేతిలో ఉన్న పత్రిక పేజీలో సగమంత. అశ్వశక్తులన్నీ ఆ నాలుగు అరపేజీల గుండానే రోడ్డు మీదికి దిగాలి. మంచి రోడ్డు టైరు తన మీద పడిన బరువుకు దాదాపు సమానమైన పట్టును ఇస్తుంది, అంతకు మించి పెద్దగా ఇవ్వదు. అందుకని ఎంత శక్తిమంతమైన మోటారు పెట్టినా, మామూలు టైర్ల మీద త్వరణం గురుత్వ త్వరణాన్ని బాగా మించిపోలేదు. ఈ కారు ఇప్పటికే ఆ గోడ దగ్గర నిలబడి ఉంది. కారు ఎగిరి దూకేటప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది కనుక వెనక టైర్లకు పట్టు పెరుగుతుంది. ట్రాక్ ప్యాక్ అనే అదనపు సామగ్రి తీసుకున్న బండికి ముందు టైర్లు 305 మిల్లీమీటర్ల వెడల్పు, వెనకవి 325. ఆ తేడాకు కారణం ఇదే. వెనక ఇరుసులో ఒక చక్రం ఊరికే జారిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా ఉంది. పాత మజిల్ కార్లన్నీ వెనక చక్రాలతోనే తోసుకునేవి కాబట్టి రబ్బరు పొగలై కాలిపోయేది. చూడడానికి అది ఘనంగా ఉన్నా, భౌతికశాస్త్రం దృష్టిలో అది రోడ్డుకు అందని శక్తి. నాలుగు చక్రాలకూ బలం పంచి, ప్రతి చక్రం జారుడును సెకనులో ఎన్నో సార్లు కొలిచి సరిదిద్దడం ఈ కారు చేసిన నిజమైన మేలు.

ఇక బరువు. 2,648 కిలోలు మాటలు కాదు. హెల్‌క్యాట్ ఇంజనున్న పాత చాలెంజర్‌తో పోల్చినా ఇది ఆరు వందల కిలోల పైచిలుకు ఎక్కువ. ఎందుకింత బరువు? జవాబు బ్యాటరీలో ఉంది. ఇందులో ఉన్నది 100.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. అంత శక్తి పెట్రోలు రూపంలో కావాలంటే పదకొండు లీటర్లు సరిపోతాయి, ఎనిమిది కిలోల బరువుకు మించదు. పెట్రోలు ఇంజను అందులో ముప్పాతిక వంతు వేడిగా వృథా చేస్తుంది, మోటారు పది శాతమో ఏమో పోగొట్టుకుంటుంది. కనుక పని విషయంలో ఈ బ్యాటరీ ఇంచుమించు నలభై లీటర్ల పెట్రోలుకు సమానం. అదే ముప్పై కిలోల బరువైన పెట్రోలు. దానికి బదులు ఇక్కడ క్వింటాళ్ల కొద్దీ లోహం, రసాయనం, వాటిని చల్లార్చే గొట్టాలు, గుద్దుకుంటే కాపాడే ఉక్కు చట్రం మోస్తున్నాం. పెట్రోలు వాడుతున్నకొద్దీ తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా అదే బరువు.

ఈ బరువు తిన్నగా పోయేటప్పుడు తెలియకుండా మోటారు దాచగలదు. మలుపులో దాచలేదు. బ్రేకు వేసినప్పుడు దాచలేదు. ఇదే కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి, 96 దగ్గర ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు. ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు పెట్టింది ఆ బాధకే. బ్యాటరీ నేలకు దగ్గరగా పరుచుకుని ఉండడం వల్ల గరిమనాభి కిందికి దిగి, కారు పక్కలకు ఒరగడం తగ్గింది. అది మేలే. అయినా జడత్వానికి ఎత్తు పల్లాలతో పని లేదు. రోడ్డు వంపు తిరిగేచోట ఆయన స్టీరింగ్ తిప్పగానే కారు ముక్కు తిరిగింది. ఆ వెనకున్న బరువు ఒక అర క్షణం ఆలస్యంగా ఒప్పుకున్నట్టు నాకు సీటులో తెలిసింది. గానుగెద్దు బలమూ లేడి బలమూ ఒకటి కావు. ఈ బండిది మొదటి రకం.

వేడి సంగతి తక్కువ మందికి పడుతుంది గానీ, నా మటుకు నాకు అదే ఎక్కువ ఆసక్తికరం. బ్యాటరీ వోల్టేజి 400 తరగతిది. 500 కిలోవాట్లను 400తో భాగిస్తే 1,250 ఆంపియర్లు. మన ఇంటి మీటరుకు 5 కిలోవాట్ల లోడు రాయించుకుంటాం. అలాంటి వంద ఇళ్ల పూర్తి లోడు ఒక్కసారిగా ఈ తీగల్లో పరుగెడుతుందన్నమాట. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అదే సామర్థ్యాన్ని 800 వోల్టుల వద్ద ఇస్తే కరెంటు సగమై, అదే తీగలో వేడి పావు వంతుకు దిగుతుంది. కొన్ని కంపెనీలు ఆ దారి పట్టాయి, ఇక్కడ పట్టలేదు. అందుకే అదనపు 40 అశ్వశక్తులను ఒక బటను మీద, కొన్ని సెకన్లపాటే ఇస్తారు. 630 దాకా మామూలుగా దొరుకుతాయి, మిగిలినవి వేడెక్కేలోపు వాడుకోవాలి. డ్రాగ్ రేసుకు ముందు బ్యాటరీని వెచ్చబరచడానికీ, ట్రాక్ మీద పరుగుకు ముందు చల్లబరచడానికీ వేర్వేరు ఏర్పాట్లున్నాయి. చలిలో బ్యాటరీ రసాయనం మందగిస్తుంది, ఎక్కువ వేడిలో దెబ్బతింటుంది. మధ్యనున్న ఇరుకు దారిలోనే దాని బలమంతా. పాత వి-8 కి రేడియేటరు ఎంత ప్రాణమో, దీనికి ఈ ఉష్ణ నిర్వహణ అంత ప్రాణం.

ఇప్పుడు ఆ బానెట్ సందు దగ్గరికి తిరిగి రావాలి. నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చింది అదే, దానికి అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. 1968 చార్జర్‌ను ఇప్పటికీ అమెరికన్ కార్లలో అందగాడు అంటారు. ముఖం లోపలికి గుంటపడి, వెనక అద్దం రెండు స్తంభాల మధ్య లోతుగా దిగి ఉండేది. కంటికి ఇంపైన ఆ రెండు గుంటలూ రేసు మైదానంలో శత్రువులయ్యాయి. ముందు గుంటలో గాలి ఇరుక్కునేది, వెనక గుంటలో సుడులు తిరిగి కారును పైకి ఎత్తేది. వెనక అద్దాన్ని సమతలంగా జరిపి, ముఖం ముందుకు తెచ్చి చార్జర్ 500 అనే రకాన్ని తయారు చేశారు. చాలలేదు. అప్పుడు 1969లో ముక్కుకు 46 సెంటీమీటర్ల వాడి మొన తొడిగి, డిక్కీ మీద 58 సెంటీమీటర్ల ఎత్తున రెక్క నిలబెట్టారు. అదే మొదటి చార్జర్ డేటోనా. రెక్క అంత ఎత్తున ఉంటే కారు చెదరగొట్టని గాలి దానికి దొరుకుతుంది. 1970 మార్చి 24న అలబామాలోని టాలడేగా ట్రాక్ మీద బడీ బేకర్ అనే చోదకుడు డేటోనాలో గంటకు 200 మైళ్లు, అంటే 322 కిలోమీటర్లు దాటాడు. నాస్కార్ రేసు కార్లలో ఆ గీత దాటిన మొదటివాడు అతనే. ఆ మరుసటి ఏడాది నుంచి రేసు నిబంధనలు రెక్కల కార్లకు చోటు లేకుండా చేశాయి.

కొత్త కారు రూపకర్తలకు ఎదురైన చిక్కు ఇదీ: 1968 నాటి నిటారు ముఖం కావాలి, గాలి మాత్రం ఒప్పుకోదు. గాలి నిరోధం వేగ వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది. పెట్రోలు కారులో ఆ ఖర్చు బంకులో కట్టేయవచ్చు. కరెంటు కారులో అది మైలేజీ రూపంలో వెంటనే తెలిసిపోతుంది. అందుకని నిటారు ముఖాన్ని పైన బోలు చేశారు. ముందు నుంచి చూస్తే పాత ముఖమే. గాలికి మాత్రం అక్కడ ద్వారం ఉంది. లోపలికి దూరిన గాలి ఆ వంతెన కింద నుంచి వచ్చి బానెట్ మీద పరుచుకుంటుంది. ఆ వంతెన ఆకారం తిరగేసిన విమానపు రెక్క లాంటిది కనుక ముందు చక్రాలను నేలకు అదుముతుంది కూడా. ఆర్-వింగ్ అని దాని పేరు. 1969లో వెనక నిలబెట్టిన రెక్క ఇప్పుడు ముందుకొచ్చి, ముఖంలో కలిసిపోయింది. బానెట్ కింద పెద్ద ఇంజను లేకపోతేనే అక్కడ గాలికి అంత చోటు ఇవ్వగలం. చరిత్రను అలంకారంగా తగిలించుకోకుండా, చరిత్ర వేసిన ప్రశ్నకే జవాబు చెప్పిన రూపకల్పన ఇది. ముందు వెలిగే మూడు కోణాల ఫ్రాట్‌జాగ్ చిహ్నం మాత్రం అలంకారమే. 1962 నుంచి 1976 దాకా వాడిన గుర్తును మళ్లీ తెచ్చారు.

రూపంలో ఒక లోపం చెప్పాలి. ఇదే చట్రం మీద 550 అశ్వశక్తుల పెట్రోలు ఇంజనుతో కూడా చార్జర్‌ను తయారు చేస్తున్నారు. రెంటికీ సరిపోయేలా చట్రం గీయడం వల్ల, ఇంజనే లేని విద్యుత్ కారుకూ ఇంజనుకు సరిపడే పొడవాటి ముందు భాగం మిగిలిపోయింది. ఆ చోటు ప్రయాణికులకు పనికిరాదు, సామానుకూ పెద్దగా పనికిరాదు. వెనక మాత్రం డిక్కీ బదులు మొత్తం అద్దంతో సహా పైకి లేచే తలుపు పెట్టారు. సామాన్లు బాగానే పడతాయి. లోపల తెరలూ దీపాలూ ఈ కాలపు కార్లన్నిటిలో ఉన్నట్టే ఉన్నాయి. పిస్తోలు పిడిలా చేతికి అమిరే గేరు పిడి ఒక్కటి ప్రత్యేకం.

శబ్దం గురించి రాయకుండా మజిల్ కారు గురించి రాసినట్టు కాదు. మన బుల్లెట్ మోటారు సైకిల్ డుగ్ డుగ్ మని ఎందుకంటుంది? సిలిండరు ఒక్కటే. నిలబడి ఉన్నప్పుడు ఆర్.పి.ఎం. 900 అనుకుంటే సెకనుకు ఏడెనిమిది పేలుళ్లే. చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టగలదు. వి-8 లో అదే స్థితిలో సెకనుకు 50కి పైగా పేలుళ్లు, లెక్కపెట్టడం చెవి తరం కాదు. అమెరికన్ వి-8 క్రాంక్ కట్టుబడి వల్ల ఒక్కో వరస లోని నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు. రెండు దగ్గరగా, తరవాతిది ఆలస్యంగా పేలుతుంది. సైలెన్సరు గొట్టంలో ఆ అసమాన లయే గుడగుడగా వినిపిస్తుంది. అంటే ఆ శబ్దం యంత్రం లోపలి కథను బయటికి చెప్పే మాట. మోటారు లోపల పేలుళ్లు లేవు కనుక ఆ కథా లేదు. ఈ కారులో బండి వెనక కింద గదుల్లాంటి పెట్టెలు, స్పీకర్లు, ఆంప్లిఫయరు పెట్టి పొగగొట్టం మోతను తయారు చేశారు. నమూనా చూపినప్పుడు హెల్‌క్యాట్‌తో సమానంగా 126 డెసిబెళ్లు అన్నారు. చెవికి నొప్పి పుట్టే హద్దు అది.

నేను బయట నిలబడి విన్నాను. గాలి గొట్టంలో కదిలిన భావన నిజంగానే కలిగింది, గుండె మీద చిన్న అదురూ తెలిసింది. కానీ మనసుకు పట్టలేదు. హైవే మీద ఆయన ఆ మోత ఆపేసినప్పుడు కింద నుంచి సన్నగా, మోటారూ ఇన్వర్టరూ కలిసి చేసే ఈల లాంటి ధ్వని వేగంతో పాటు స్థాయి పెంచుకుంటూ పైకి పోయింది. యంత్రం సొంత గొంతు అది. దాన్నే బయటికి తెచ్చి సానబట్టి వినిపించి ఉంటే, యాభై ఏళ్ల తరవాత ఇంకొకరు దాని కోసం బెంగపడేవారు.

శబ్దాన్ని అతికించుకోవడంలో ఇంకో ప్రమాదమూ ఉంది. విద్యుత్ కార్లు మెల్లగా పోయేటప్పుడు చూపు లేని పాదచారులకు వినబడేలా ఏదో ఒక ధ్వని చేయాలని అమెరికా భద్రతా నిబంధన. ఎంతో అవసరమైన నిబంధన అది. 2025లో ఎనిమిది వేలకు పైగా చార్జర్ డేటోనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆంప్లిఫయరులో సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కక, ఆ హెచ్చరిక ధ్వనే రాకపోవచ్చని తేలింది. పెట్రోలు ఇంజనుకు మౌనంగా ఉండడం చేతకాదు. ఇక్కడ చప్పుడు కూడా ఒక విడిభాగం, మరిచిపోతే ఉండదు. పాత రోజుల్లో కార్బురేటరు మెకానిక్ చేతిలో ఉన్న కారు స్వభావం ఇప్పుడు కోడ్ రాసేవాళ్ల చేతిలోకి వచ్చింది. ఈ కారు మాతృసంస్థ స్టెలాంటిస్‌కు హైదరాబాదులో డిజిటల్ కేంద్రం ఉంది. విలీనంతో స్టెలాంటిస్ ఏర్పడకముందు, 2020 డిసెంబరులో, 15 కోట్ల డాలర్లతో దాన్ని ప్రకటించారు. డెట్రాయిట్ కార్ల గుణగణాలు ఇకమీదట ఇంజను షెడ్డు కంటే ఇలాంటి గదుల్లోనే ఎక్కువగా తేలతాయి. అక్కడ పనిచేసే మన పిల్లలకు ఈ రీకాల్ కథ ఎవరైనా పాఠంగా చెబితే బాగుంటుంది.

ఈ కారులో నేను ఎంచుకునేది ఏది అని మేనల్లుడు అడిగాడు. స్కాట్ ప్యాక్ కాదు, ఆర్/టి అన్నాను. అదే బ్యాటరీ, అదే ఒళ్లు, 496 అశ్వశక్తులు. గంటకు 96 కిలోమీటర్లు చేరడానికి 4.7 సెకన్లు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ఒక చార్జింగుకు ఆర్/టి 496 కిలోమీటర్లు పోతుంది, స్కాట్ ప్యాక్ 388. చేతికొచ్చేది 1.4 సెకన్లు, చేజారేది 108 కిలోమీటర్లు. వెడల్పాటి, మెత్తటి రబ్బరు టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్నదాన్ని వదలడానికి ప్రతి చుట్టులోనూ శక్తి ఖర్చు పెడతాయి. రోజంతా ఆ ఖర్చు, ఎప్పుడో ఒకప్పుడు ఆ మూడు సెకన్లు. బజారు నా మాట వినలేదు. 2026 మోడల్‌కు ఆర్/టి నే పక్కన పెట్టి, స్కాట్ ప్యాక్‌ను ఉంచారు. మజిల్ కారు కొనేవాళ్లు దూరం లెక్క చూడరని కంపెనీ అనుకుని ఉండవచ్చు. కొన్నవాళ్లు చార్జింగు స్తంభం దగ్గర అరగంట నిలబడిన ప్రతిసారీ ఆ లెక్క వాళ్ల ముందుకు వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా కోసమని వుడ్‌వర్డ్ అవెన్యూ మీదుగా తెచ్చాడు. ఏటా ఆగస్టులో పాత కార్లు వేల సంఖ్యలో ఊరేగే రోడ్డు అది. గంటకు 72 కిలోమీటర్ల దగ్గర ఉన్నాం. ముందు ఎర్రదీపం పడింది. ఆయన బ్రేకు జోలికి పోలేదు, పాదం తీశాడంతే. మోటార్లు జనరేటర్లయ్యాయి. తెర మీద గీత వెనక్కి మళ్లింది. అరవయ్యేళ్ల పాటు ఈ రోడ్డు మీద మజిల్ కార్లు ఒక దీపం నుంచి ఇంకో దీపానికి పరుగెత్తి, సంపాదించిన వేగాన్నంతా బ్రేకుల్లో వేడి చేసి గాలికి వదిలేశాయి. ఆ వేగంలో ఈ కారు గతిశక్తి 0.15 కిలోవాట్ అవర్లు. అందులో మూడింట రెండు వంతులు బ్యాటరీలోకి తిరిగి వస్తే, నింపాదిగా నడిపినప్పుడు ఈ కారు దాంతో సుమారు 400 మీటర్లు పోగలదు. ఇంచుమించు ఒక పావు మైలు. దీపం పచ్చబడింది. పక్క వరసలో ఆగిన కుర్రాడు మా వైపు చూసి ఇంజను రేపాడు. ఆయన నవ్వి, మెల్లగా కదిలించాడు.